రోమునందలి మూసిన అరలు

1881లో పదమూడవ లియో పోపు వాటికన్ పత్రాగారమును పండితులకు తెఱచినను, లోనికేగిన పరిశోధకుడు నేటికిని అరల నడుమ స్వేచ్ఛగా సంచరింపజాలక, కావలసిన కట్టను సూచికలో ముందుగా గుర్తించి అడిగి తెప్పించుకొనవలసియే యుండును. ఉనికియే తెలియని పత్రమును ఎవడడుగగలడు? అట్లే, కతోలికులు చదువరాదని చర్చి ప్రకటించిన నిషిద్ధగ్రంథముల పట్టిక 1966లో రద్దయినను, ఆ నిషేధములు విధించిన సభవారి పత్రములు 1998 వఱకు పరిశోధకలోకమునకు తెఱవబడలేదు.

నన్ను మిక్కిలి బాధించునది వేఱొకటి: యూదుల మారణకాండ నాటి పన్నెండవ పయస్ పోపు పత్రములు 2020 మార్చి 2న గాని పూర్తిగా తెఱవబడలేదు, అప్పటికి ఆ దుర్దినములు చూచినవారిలో పెక్కుమంది గతించిరి. జీర్ణపత్రముల రక్షణకు నియమము లుండవలసినదే, కాదనను. కాని విశ్వాసుల కానుకలతో నిలిచిన సంస్థలు, ఏ మతమువైనను, కనీసము సమగ్ర సూచికలనైనను ఎల్లరకు ప్రకటింపవలెను.