పచ్చబొట్టూ, పావుగంట లేబులు పఠనం

నలభై రెండేళ్ళొచ్చాక పచ్చబొట్టేమిట్రా అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో ముందే తయారుచేసుకున్నాను. అమ్మ అడగలేదు. నా చెయ్యి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అడిగుంటేనే బాగుండేది.

వేయించుకున్నది పెద్ద బొమ్మేం కాదు. ఎడమ ముంజేతి లోపలివైపు, రెండంగుళాల్లో "నాన్న" అన్న మాట, అంతే. నేను వరంగల్లో హాస్టల్లో ఉన్నప్పుడు మా నాన్న రాసిన ఇన్‌లాండ్ కవర్ల చివర ఉండే సంతకం అది. ఆయన నవత్తుని అక్షరం కింద పెట్టకుండా, కుడిపక్కకి గాలంలా లాగి రాసేవారు. ఏ ఫాంటులోనూ అది దొరకదు కదా, అందుకని మాదాపూర్లో ఒక స్టూడియోకి ఆ ఉత్తరమే పట్టుకెళ్ళాను. అక్కడి కుర్రాడు స్కాన్ చేసి ఉన్నదున్నట్టు దింపాడు.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే.. గుచ్చడం నలభై నిమిషాల పని. మానడం రెండుమూడు వారాల పని. మనం మొదటిదాని గురించి ఆర్నెల్లు ఆలోచిస్తాం. రెండోదానికి మాత్రం మందుల షాపులో ఏదిస్తే అది తెచ్చుకుంటాం. కోడు రాయడానికున్న ఉత్సాహం మెయింటెనెన్సుకి లేని జాతి కదా మనది!

నా సంగతే చూడండి. పని అయ్యాక ఆ కుర్రాడు పైన ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పొరలాంటిది అతికించాడు. "అన్నా, మూడ్రోజులు తియ్యకండి. లోపల నల్లగా నీళ్ళు చేరతాయి, భయపడొద్దు" అన్నాడు. నీళ్ళు చేరాయి, భయపడలేదు. రెండోరోజు రాత్రికి దురద మొదలైంది. గోరువెచ్చటి నీళ్ళ కింద మెల్లగా పొర తీసి చూస్తే ఎర్రటి దద్దుర్లు, అదీ స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరంగా! అక్షరాల దగ్గర బాగానే ఉంది, ఎరుపంతా పొర అంటుకున్న మేరకే. అంటే బగ్గు పచ్చబొట్టులో లేదు, ఆ పొర జిగురులో ఉంది. ఆ మాత్రం డీబగ్గింగ్ నాకు తర్వాత తట్టింది. ఆ క్షణంలో మాత్రం కంగారుగా మందుల షాపుకి పరిగెత్తాను.

షాపతను నా చెయ్యి సరిగ్గా చూడను కూడా లేదు. "ఇది రాయండి సార్, రెండ్రోజుల్లో సెట్ అయిపోతుంది" అని ఒక గొట్టం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి మూత తీయబోతూ, అలవాటుకొద్దీ చిన్నక్షరాలు చదివాను. క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్. మొదటిది బాగా ఘాటైన స్టెరాయిడ్. దురద తగ్గిస్తుంది నిజమే, కానీ గాయం మానడాన్ని నెమ్మది చేస్తుంది, వాడగా వాడగా చర్మాన్ని పల్చన చేస్తుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఇక రెండోది, నియోమైసిన్, చాలామందికి పడదు. 2010లో అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దానికి "ఈ ఏటి ఎలర్జెన్" అనే బిరుదు కూడా ఇచ్చింది. మూడోది బూజుకి మందు. నా చేతి మీద బూజు లేదు!

చర్మవైద్యురాలైన మా వదినకి ఫోన్ చేశాను. రాత్రి పదిన్నరకి. "నువ్వూ టాటూ వేయించుకున్నావా!" అని ఓ నిమిషం నవ్వి, ఫొటో పంపమని, చూసి, ఆ గొట్టం పక్కన పడెయ్యమంది. జిగురు పొర మళ్ళీ అతికించొద్దంది. తర్వాత ఆవిడ చెప్పిన జాబితా ఎంత చిన్నదంటే నాకు నిరాశ కలిగింది.

వాసన లేని సబ్బు. రోజుకి రెండుసార్లు, చేతివేళ్ళతోనే, పీచు గీచు వాడకుండా. తుడవడానికి పేపర్ టవల్, అదీ రుద్దకుండా అద్దాలి. బాత్రూంలో వేలాడే టర్కీ టవల్ వద్దు, దాని దారాలు పొక్కుకి చిక్కుకుంటాయి, తడికి సూక్ష్మజీవులూ చేరతాయి. మొదటి నాలుగైదు రోజులు మామూలు పెట్రోలియం జెల్లీ, చర్మం మెరిసీ మెరవనంత పల్చగా. దోసె మీద వెన్నలా మెత్తితే చర్మం నాని పాడవుతుంది. పొట్టు రాలడం మొదలయ్యాక జెల్లీ మానేసి వాసన లేని లోషన్. అంతే, నాలుగు వస్తువులు.

"పసిపిల్లల లోషన్ వాడనా వదినా, మెత్తగా ఉంటుందిగా?" అన్నాను. "దాని గొప్పంతా వాసనే కదయ్యా" అంది. మర్నాడు సూపర్ మార్కెట్లో పావుగంట నిలబడి సీసాల వెనక చదివాను. ఇక్కడో మెలికుంది, గుర్తుపెట్టుకోండి. "అన్‌సెంటెడ్" అని ఉంటే వాసన లేదని కాదు, ఉన్న వాసన కప్పడానికి ఇంకో సుగంధం కలిపి ఉండొచ్చు. "ఫ్రేగ్రెన్స్ ఫ్రీ" అన్న మాట కావాలి. జాబితాలో "పర్ఫ్యూమ్" అనో "పార్ఫమ్" అనో కనిపిస్తే ఆ సీసా తిరిగి అరలోకే.

కొనకూడనివి కూడా చెప్తాను. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, స్నానం నీళ్ళలో డెట్టాల్ వద్దు. కొత్తగా పుడుతున్న చర్మాన్ని ఇవి మండిస్తాయి. సన్‌స్క్రీన్ పూర్తిగా మానాకే, అప్పటిదాకా వదులుగా ఉండే పొడుగుచేతుల చొక్కా. అపార్ట్‌మెంట్ ఈతకొలను కొన్ని వారాలు బంద్. మనవాళ్ళకి ప్రత్యేకంగా ఇంకోటి, టైపు చేసేటప్పుడు ముంజెయ్యి బల్ల అంచుకి రాసుకుంటుంది. నేను మూడువారాలు అక్కడ మెత్తటి పాత నూలుగుడ్డ మడత పెట్టుకున్నాను. ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరమొచ్చినా మాత్రం షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఆరోరోజు పొద్దున అమ్మ చిన్న గిన్నెలో పసుపు, ఆముదం కలిపి తెచ్చింది. వదిన వద్దందని చెప్పడానికి నోరు రాలేదు. నా మొహం చూసి ఆవిడే గిన్నె పక్కన పెట్టేసింది. "మీ నాయనమ్మకి ఎరుకలామె పొడిచినప్పుడు ఇదే పెట్టార్ట. అయినా వారం రోజులు చెయ్యి వాచిపోయిందని చెప్పేది" అంది. పచ్చబొట్టు వేయించుకున్నాక దాని గురించి అమ్మ మాట్లాడిన మొదటి మాట అది.

ఆ రోజే వత్తు మీద పొక్కు సగం లేచి వేలాడుతోంది. ఎంత దురదో చెప్పలేను. గిల్లితే దానితోపాటు రంగూ ఊడొస్తుంది, ఆ గాలం కొక్కెం పోతుంది. మామూలు బొమ్మైతే మళ్ళీ దిద్దించుకోవచ్చు. ఇది దిద్దితే ఆయన రాత కాదు కదా, దిద్దినవాడి రాత అవుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను, నిజంగానే. రెండ్రోజులకి దానంతటదే రాలింది. కింద కొక్కెం అలాగే ఉంది.

ఆ రంగు ఎలా నిలుస్తుందో తెలుసా? చర్మం లోపలి పొరలో మాక్రోఫేజ్ అనే కణాలు దాన్ని మింగి కూర్చుంటాయి. అవి చచ్చిపోయినప్పుడు రంగుని వదిలేస్తే, కొత్తగా వచ్చిన కణాలు అందుకుంటాయి. 2018లో ఫ్రాన్సులో మార్సెయ్ పరిశోధకులు ఎలుకల మీద చూపించారు. మన డీరామ్ రిఫ్రెష్ లాంటిదే అన్నమాట. ఒకడు పోతూ పోతూ ఇంకొకడి చేతిలో పెట్టి పోవడం.

మూడోవారం అమ్మ కళ్ళజోడు పెట్టుకుని నా చెయ్యి తీసుకుంది. వత్తు మీద వేలు పెట్టి చివరిదాకా గీసింది.

"ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా రాసేవారు కాదు" అంది. తర్వాత, "లోషన్ రాసుకున్నావా నాన్నా?" అంది.