ఘాట్ దిగితే... పూతే పూత!

జనవరి ఆఖరి ఆదివారం. బెంగళూరు నుంచి వస్తున్న ఆ కుటుంబం పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగగానే కారు అద్దాలు దించేసింది. మొగిలీశ్వరుడికి దండం పెట్టుకుని బంగారుపాళ్యం వైపు సాగుతుంటే దారి పొడవునా మామిడి తోపులు... ఆకు కనిపించనంత పూత! పూలు చూడ్డానికి జనం ఎక్కడెక్కడికో వెళ్తారు. ఈ లోయని మాత్రం ఆగకుండా దాటేస్తారు.

తాత తోపులో ఈగల రొద. పుప్పొడిని ఎక్కువగా మోసేది అవే మరి.

‘‘తాతా, ఈ పూలన్నీ కాయలైతే?’’ అడిగింది మనవరాలు.

‘‘అన్నీ యాడ నిలుస్తాయమ్మా!’’

ఒక్కో గుత్తిలో వందలకొద్దీ పూలుంటాయి. వాటిలో మగపూలే ఎక్కువ. చివరికి కాయగా మిగిలేది ఒకటో రెండో. తాత చూపు పూలమీద లేదు. గుత్తి తిప్పి తేనెమంచు పురుగుని వెతుకుతున్నాడు. మంచు పడితే బూడిద తెగులు భయం ఒకటి.

అన్నీ గట్టెక్కినా ధర ఉందిగా! 2025లో తోతాపురి విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలనీ, పైన 4 రూపాయలు తానిస్తాననీ ప్రభుత్వం చెప్పింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కాయలు పారబోసుకున్న రైతులూ ఉన్నారు. ఆ సంగతి ఎత్తితే తాత మాట మార్చేస్తాడు.

మధ్యాహ్నం చెట్టు కిందే అవ్వ రాగిసంగటి వడ్డించింది. తిన్నాక మనవరాలు ఓ గుత్తి తెంపబోతే తాత గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. ఫొటో తీసుకుంటానంటే మాత్రం తానే కొమ్మ వంచి నిలబడ్డాడు.