ఎలగందుల కోట, పనీర్ బటర్ మసాలా

మొన్న ఇద్దరు బెంగుళూరు కొలీగ్స్‌ని మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు తిప్పాను. (2016లో జిల్లాలు ముక్కలయ్యాయి గానీ నాకింకా ఆ పాత పేర్లే.) ఇద్దరూ పక్కా శాకాహారులు. మానేరు ఒడ్డున ఎలగందుల కోట, ధర్మపురిలో గోదావరి, నిర్మల్‌లో పొణికి కర్ర బొమ్మలు... చూడ్డానికి లోటు లేదు. తిండి దగ్గరే వచ్చింది చిక్కు. ఏ హోటల్‌కెళ్ళినా అదే పనీర్ బటర్ మసాలా, అదే గోబీ మంచూరియా.

"ఇవి మాకూ దొరుకుతాయి, మీ తిండేదీ?" అనడిగారు.

నిజమే కదండీ! బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు కలిపి, గిన్నెకి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి కాల్చే సర్వపిండి అచ్చంగా శాకాహారమే. మెనూలో మాత్రం ఉండదు. అమ్మ చేసేదాన్ని డబ్బిచ్చి ఎవరు తింటారనేమో!

రాత్రి నిర్మల్‌లో రోడ్డు పక్కన ఒకావిడ జొన్నరొట్టెలు కాలుస్తోంది. పచ్చిమిర్చి కారంతో ముగ్గురం ఏడు లాగించాం.