అమ్మమ్మ వాళ్లమ్మ పుట్టిల్లు

కిందటి జనవరిలో ఒకరోజు తెల్లారేసరికి మా వీధంతా మంచు పరుచుకుంది. పిల్లలకి స్కూలు లేదన్నారు. పక్కింటి పెద్దావిడకి పాలు, బ్రెడ్డు ఇవ్వడానికి వెళ్లి, "చలి చంపేస్తోందండీ" అన్నాను. ఆవిడ నవ్వేశారు. "ఇదీ ఒక చలేనా? నాకు ఏడేళ్లప్పుడు పడిన చలి చూడాల్సింది" అన్నారు.

మేముండేది బర్మింగ్‌హామ్‌లో. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడే. వాళ్లమ్మ మాత్రం ఐర్లండు పడమటి వైపున్న మేయో నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చారట. ఆ రోజు ఆవిడ నన్ను కూర్చోబెట్టి 1962-63 చలికాలం గురించి చెప్పారు. క్రిస్మస్ మర్నాడు పడిన మంచు మార్చి మొదలయ్యేదాకా నేలని వదల్లేదట. గుమ్మం ముందు పాలసీసాల్లో పాలు గడ్డకట్టి, మూతని నెత్తిన పెట్టుకుని పైకి లేచేవట. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయని బీయస్సీలో చదువుకున్నానే గానీ, అలాంటి దృశ్యం ఎప్పుడూ ఊహించుకోలేదు. ఇల్లంతటికీ ఒక్క గదిలోనే బొగ్గుల మంట. పడకగదిలో కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు. దుప్పట్లు చాలక పిల్లల మీద కోట్లు కప్పేవారట.

"ఆ రోజుల్లోనే ఒకసారి అమ్మ వంటింట్లో నిలబడి ఏడవడం చూశాను. ఎందుకని అడిగితే, చలికి చేతులు కొంకర్లు పోయి నొప్పెడుతున్నాయంది. నమ్మేశాను."

అసలు సంగతి పెద్దయ్యాక తెలిసిందట. ఆ రోజు మేయో నుంచి టెలిగ్రాం వచ్చింది, అమ్మమ్మ పోయిందని. దారులు మంచుతో మూసుకుపోయాయి, చేతిలో డబ్బూ లేదు. వాళ్లమ్మ వెళ్లలేకపోయారు.

"అమ్మమ్మ ఎలాంటి మనిషో, ఎక్కడ పుట్టిందో అమ్మని అడగనేలేదు. అడగడానికి నలభై ఏళ్లున్నాయి" అన్నారావిడ.

మర్నాడు లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఐర్లండులో పాత కాగితాలు దొరకవని ఆవిడ ఎప్పుడో విన్నారట. అందులో కొంత నిజముంది. 1922లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి, అంతకుముందు శతాబ్దపు జనాభా లెక్కలు చాలామటుకు బూడిదైపోయాయి. మరికొన్నిటిని అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేసింది. కానీ 1901, 1911 సెన్సస్ ఫారాలు మిగిలాయి. అవి నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో ఉచితంగా చూడొచ్చు. పాత జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ప్రభుత్వం నడిపే ఐరిష్ జీనియాలజీ సైట్లో ఉన్నాయి.

ఆవిడ బీరువాలో వాళ్లమ్మ జనన పత్రం ఉంది. అక్కడి పత్రంలో తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు. ఆ పేరు పట్టుకుని నాలుగు ఆదివారాలు వెతికాం. 1911 ఫారంలో వాళ్ల అమ్మమ్మ దొరికింది. పదకొండేళ్ల పిల్ల, బడికి వెళ్తోంది. ఆ ఫారంలో పెళ్లయిన ఆడవాళ్లని ఒక ప్రశ్న అడిగారు: ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు? ఆ పిల్ల తల్లి పేరుకెదురుగా తొమ్మిది, ఏడు అని రాసుంది. ఆవిడ వేలు ఆ అంకెల దగ్గరే చాలాసేపు ఆగిపోయింది.

చివరికి 1963 మరణ రిజిస్టరు తెరిచాం. కబురు చెప్పినవారి గడిలో ఇంకో కూతురి పేరు, పక్కన "మరణ సమయంలో దగ్గరున్నారు" అన్న మాట.

ఆవిడ కళ్లజోడు తీసేశారు. "అయితే ఒంటరిగా పోలేదన్నమాట" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఇళ్లలో తాతముత్తాతల పేర్లు తద్దినాల పుణ్యమా అని గుర్తుంటాయి. ఆడవాళ్ల పుట్టిళ్ల సంగతేంటి? నా ఇంటిపేరు పెళ్లితో మారింది, మా అమ్మదీ మారింది, అమ్మమ్మదీ మారింది. ఎక్కడ రాసుంది?

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. అమ్మమ్మ పుట్టింటివాళ్ల ఇంటిపేరు టక్కున చెప్పింది. "మరి అమ్మమ్మ వాళ్లమ్మ పుట్టింటివాళ్లది?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "పెద్దమ్మకి తెలియాలి. ఇప్పుడెందుకే నీకు?" అంది.

తెనాలిలో ఉన్న పెద్దమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. మర్నాడు వాట్సాప్‌లో మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇంటిపేరు చెప్పింది, ఊరు చెప్పింది. నేను అడక్కుండానే, "ఎనిమిదిమందిని కంటే అయిదుగురు దక్కారే ఆవిడకి" అంది.

పిల్లల పాత నోట్‌బుక్‌లో వెనక పేజీ తీసి అన్నీ రాశాను. మీరూ ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "తిన్నావా" అయ్యాక ఈ ఒక్క మాట అడగండి. చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.