గోడమీది వ్రాత

ఛందస్సు, వ్యాకరణం చదువుకొని, తెలుగు పండితుడినన్న గర్వంతో 1985లో సీతంపేట కొండలలోని ఒక పాఠశాలలో ఉద్యోగానికి చేరాను. పిల్లలందరూ సవరలు. తరగతిలో సవర మాట వినబడితే బెంచీ ఎక్కించేవాడిని. తెలుగు రావడానికి అదే మార్గమని మనసారా నమ్మాను. కొందరు పిల్లలు బడి మానివేశారు. కారణమేమిటని నేను వెళ్ళి అడగలేదు.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతినాడు మాత్రం ఉపన్యసించేవాడిని. ఆయన సవరభాష నేర్చి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారనీ, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారనీ చెప్పి చప్పట్లు కొట్టించుకొనేవాడిని. మరునాటి ఉదయం మళ్ళీ అదే బెంచీ!

2004లో రాష్ట్రంలో సవర, కోయ, గోండి మొదలైన గిరిజన భాషలలో ప్రాథమిక విద్య ఆరంభమైంది. మా దగ్గరి చిన్న బడికి తెలుగు లిపిలో అచ్చయిన సవర వాచకాలు వచ్చాయి. మొదట సవర, క్రమంగా తెలుగు. కొన్నాళ్ళకు ఆ బడి గోడలను అలంకరించాలని తలపెట్టి నన్నూ పిలిచారు. సూక్తులు వ్రాయిద్దామన్నాను నేను. అక్కడి సవర ఉపాధ్యాయుడు నవ్వి ఊరుకొని, తమ ఊరి పెద్దాయనను తీసుకొనివచ్చాడు.

సవరల ఇంటిలోపల ఎర్రమట్టి అలికిన గోడపై బియ్యప్పిండి నీళ్ళతో ఇంటి ఆకారపు చట్రం గీసి, అందులో మనుషులను, గుర్రాలను, సూర్యచంద్రులను తీరుస్తారు. అది పితృదేవతలకు నెలవు. అదే వేయమన్నాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

“అది వేస్తే మా పెద్దోళ్ళు వచ్చి కూర్చుంటారు బాబూ. సెలవులిస్తే వాళ్ళకు ఎవరు పెడతారు? చెట్లు, నెమళ్ళు, ఆడేవాళ్ళు, అవి వేస్తాను.”

చివర నలిపిన పుల్లే కుంచె. ఒక్కొక్క బొమ్మ లేస్తుంటే పిల్లలు సవరలో పేరు చెప్పి, వెంటనే తెలుగులో చెప్పసాగారు. ఒక పాప నాచేతా సవర మాట పలికించింది. నా ఉచ్చారణకు అందరూ ఫక్కున నవ్వారు. నన్ను మాత్రం ఎవరూ బెంచీ ఎక్కించలేదు.

ఇంటిలో వేసే ఆ చిత్రాన్ని ఇడితాల్ అంటారని అప్పుడే తెలిసింది. ‘ఇడ్’ అంటే వ్రాయడం, తక్కినది గోడ. మన కావ్యాలలోనూ చిత్తరువును ‘వ్రాస్తారు’ కదా! ఆ అర్థం ఎన్నోసార్లు బోధించిన నేనే, ఇంటింటి గోడమీదా వ్రాత ఉన్నవారిని వ్రాత ఎరుగనివారని తలచాను.

ఇప్పుడూ ఆగస్టు 29న ఎవరైనా పిలిస్తే వెళుతుంటాను. ముందుగా ఆ బెంచీ సంగతి చెబుతాను. గిడుగువారి సంగతి ఆ తరువాతనే.