ముల్లు తీసే చేతులు

చేపల పులుసంటే లొట్టలేయనివారెవరు? గొంతులో ముల్లు అడ్డం పడితే మాత్రం కోసినవాళ్లని తిట్టుకుంటారు. మరి ఆ ముల్లు రోజుకి ఎన్నిసార్లు గుచ్చుకుంటోందో కోసే చేతుల్ని ఎవరైనా అడిగారా? విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో కాసేపు నిలబడితే అడక్కుండానే తెలుస్తుంది.

తెల్లారకముందే హార్బర్ నిద్రలేస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ ఇంకా చీకట్లో ఉండగానే బోట్లు ఒక్కొక్కటిగా జెట్టీకి చేరతాయి. బుట్టలు దిగుతాయి. ఐసు పగులుతుంది. వేలంపాటల కేకలు మొదలవుతాయి. బేరం తెగిన చేప సంచిలో పడ్డాక జనం నేరుగా వెళ్లేది ఓ వారగా వరసలో కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి. ఒక్కొక్కరి ముందు ఒక కత్తిపీట, ఒక నీళ్ల బకెట్టు. అంతే సరంజామా.

'అమ్మా, ముళ్లు లేకుండా కొయ్యి', 'అక్కా, పులుసు ముక్కలు', 'తల పగలగొట్టకు'... ఒకేసారి నలుగురు చెబుతుంటారు. తల ఎత్తకుండానే అన్నీ వింటారు. ఎత్తితే కుదరదు మరి! చాకుతో కోసేటప్పుడు చేప కదలకుండా ఉంటుంది, చాకు కదులుతుంది. కత్తిపీట దగ్గర అంతా తిరకాసు. పీటని కాలితో తొక్కిపట్టి, నిటారుగా నిలిచిన కత్తికేసి చేపని రెండు చేతులతో తొయ్యాలి. చేప జారిందా, వెళ్లి తగిలేది చెయ్యే.

దేని ఆయుధం దానిదే

జారడం ఒక్కటే అయితే పర్వాలేదు. వలలో పడ్డ ప్రతి చేపా తన ఆయుధంతోనే వస్తుంది. జెల్లనే తీసుకోండి. వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి... మొత్తం మూడు గట్టి ముళ్లు. అంచులకి రంపంలా పళ్లు. ఒకసారి నిలబడితే ముల్లు అక్కడే బిగుసుకుపోతుంది, చచ్చినా వంగదు. పైగా దానికి విషం కూడా. అందుకే జెల్ల చేతికి రాగానే ముందు విరిచేది ఆ మూడింటినే.

టేకు చేపకి ఆయుధం తోకలో ఉంటుంది. తోక మీది రంపపు ముల్లు దిగితే భరించలేని నొప్పి. దాన్ని తీశాకే మిగతా పని. పండుగప్ప చూడటానికి సాధువే. కానీ మొప్పల దగ్గర వేలు పెట్టి ఎత్తబోతే, మొప్ప మూత అంచు బ్లేడులా కోసేస్తుంది. రిబ్బన్ చేపకి పొలుసులే ఉండవు కదా, సులువనుకుంటారు. దాని కోరపళ్లు చచ్చాక కూడా గీరగలవు.

కానాగడతలకి ముళ్ల గొడవ తక్కువ. అక్కడ ప్రమాదం వేరు. ఐసు లేకుండా ఎండలో ఉంచితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. వండినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, దురద, తలనొప్పి. కాబట్టి వీటిని కోసేవాళ్ల చెయ్యి ఆలస్యం చేయకూడదు. ఈ తీరంలో చేపల మీద ఉన్న తెలివిడి ఇప్పటిది కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో ఓ గ్రంథం వెలువడింది. అందులో స్థానికులు పిలిచే పేర్లే రాసుకున్నాడు. అలా మన కానాగడత పేరు శాస్త్రీయ నామంలోకి ఎక్కింది... 'రాస్ట్రెల్లిగర్ కానాగుర్త' అని!

వేట లేని రోజుల్లో

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్ల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. అప్పుడు మార్కెట్లలో ఎక్కువగా కనిపించేవి చెరువుల బొచ్చె, శీలావతి. వీటికి విషపు ముళ్లుండవు. కానీ కడుపులో ఓ చిన్న ఆకుపచ్చ సంచి ఉంటుంది. అదే పిత్తాశయం. పొట్ట చీల్చేటప్పుడు కత్తి కాస్త లోతుగా దిగితే పగిలి, మాంసమంతా చేదు ఎక్కుతుంది. వెంటనే కడిగి, చేదు పట్టినమేర కోసి పారేయాల్సిందే.

ఆ సంచిని మందనుకుని మింగేవాళ్లున్నారు. అంతకన్నా ప్రమాదం మరొకటి లేదు. ఈ జాతి చేపల పిత్తంలోని విషం మూత్రపిండాలని దెబ్బతీస్తుంది. ఉడికించినా పోదు. ఇలా మింగి డయాలసిస్ దాకా వెళ్లినవాళ్ల గురించి మన దేశంలో వైద్యులు నమోదు చేశారు.

ప్రాణంతో వచ్చే కొర్రమీనుది ఇంకో కథ. ఒంటినిండా జిగురు. ఎంత గట్టిగా పడితే అంత జారుతుంది. దానికి విరుగుడు పొయ్యిలో బూడిదే. గుప్పెడు బూడిద రుద్దితే పట్టు చిక్కుతుంది. బూడిద లేనిచోట కల్లుప్పు.

సగం ఎటు పోయింది?

ఈమధ్య ఎక్కువమంది అడిగేది ముల్లు లేని ముక్క. పిల్లలు ముళ్లంటే భయపడుతున్నారు, వేపుళ్లకీ అదే కావాలి. మొప్ప వెనక గాటు పెట్టి, వెన్నెముక తగలగానే కత్తిని పడుకోబెట్టి, ఎముక వెంబడే తోక దాకా లాగాలి. కాస్త పైకి లేస్తే మాంసం ఎముకకే ఉండిపోతుంది. కిందికి దిగితే ఎముక మాంసంలోకి వస్తుంది.

పని ఎంత బాగా చేసినా పేచీ మాత్రం తప్పదు. తల, వెన్నెముక, పొట్ట, తోలు పోతే చేప బరువులో మిగిలేది సుమారు సగమే. కిలో చేప ఇచ్చి అరకిలో ముక్కలు చూసినవారికి అనుమానం రాకుండా ఉంటుందా? అందుకే తీసేసినవన్నీ పక్కనే కుప్పగా ఉంచి చూపించేవారూ ఉన్నారు. పైగా శీలావతి, పులసల్లో వెన్నెముక తీసినంత మాత్రాన ముళ్లు పోవు. కండలోపలే సన్నటి పాయల ముళ్లుంటాయి. వాటికి ఏ కత్తీ సమాధానం చెప్పలేదు. నెమ్మదిగా ఏరుకు తినడమే.

పొరపాటున గొంతులో దిగితే అన్నం ముద్దలు మింగే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దానివల్ల ముల్లు ఇంకా లోతుకి వెళ్లొచ్చు. నొప్పి పోకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరికి వెళ్లడమే మేలు. జెల్ల, టేకు ముళ్లు గుచ్చుకుంటే చెయ్యి కాలనంత వేడి నీళ్లలో అరగంటకి పైగా ముంచి ఉంచాలి. వేడికి ఆ విషం విరుగుతుంది. నొప్పిలో వేడి తెలియదు కాబట్టి ముందు రెండో చేత్తో చూసుకోవాలి. ఆ తర్వాత ఆసుపత్రి, టీటీ ఇంజెక్షన్ ఎలాగూ తప్పవు.

వేలు తెగితే...

ఇళ్లలో ఇదంతా ఆదివారం ముచ్చట. హార్బర్‌లో రోజూ ఉండేదే. పొద్దస్తమానం ఉప్పునీళ్లు, ఐసులో నానిన చర్మం మెత్తబడుతుంది. చిన్న గీత చాలు, చీము పడుతుంది. చేపల పని చేసేవాళ్ల వేళ్లకి వచ్చే ఒక రకం వాపు గురించి వైద్య గ్రంథాలే చెబుతాయి. మందులతో తగ్గేదే, వెంటనే వెళ్తే. కానీ వెళ్తే ఆ పూట కూలి పోతుంది. గ్లవుజులు తొడుక్కోవచ్చు కదా అంటే, రబ్బరువి ముళ్లకి చిరిగిపోతాయి. వాటితో చేప ఇంకా జారుతుంది.

చెయ్యి బాగున్నా చేప రాకపోతే పని లేదు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బర్‌లో మంటలు లేచి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. బోటు యజమానికి బోటు పోయింది, కళాసీకి వేట పోయింది. బోటు కదలకపోతే కత్తిపీట ముందు కూర్చునేవారికీ పనుండదు.

ఎండెక్కేసరికి రద్దీ పలచబడుతుంది. కత్తిపీటలు కడుగుతారు. మోచేతుల దాకా అంటిన పొలుసులు రాల్చుకుంటారు. నీచు వాసన పోవడానికి నిమ్మచెక్క, తెగిన చోట చిటికెడు పసుపు. పెద్ద చేపలన్నీ అప్పటికే ఎవరెవరి ఇళ్లకో వెళ్లిపోయాయి. సంచిలో మిగిలినవి నాలుగు తలకాయలు, గుప్పెడు చిన్న చేపలు.

వాటికీ ముళ్లుంటాయి. ఇంటికెళ్లి అవీ ఆ చేతులే తీయాలి.