గోడ కింద తూము

మా అపార్టుమెంటు సెల్లారులో ఓ మూల వాననీళ్లు నిలుస్తున్నాయి. బాగుచేయించే ఖర్చు ఎవరిదని మొన్న మీటింగులో పెద్ద తగువు. ఇంటికొచ్చి దస్తావేజు తీశాను. నవలలు రాసేదాన్నే గానీ ఆ భాష నాకూ ఓ పట్టాన కొరుకుడు పడదు. ఒక్క ముక్క మాత్రం అర్థమైంది. నేలలో నాకు నలభై గజాల అవిభక్త వాటా ఉందిట. ఉందే గానీ, ఫలానా చోటని చూపించడానికి లేదు!

ఇదే చోట, బెజవాడ వన్‌టౌన్‌లో, ఒకప్పుడు మా అమ్మమ్మగారి మండువా లోగిలి ఉండేది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి విరగపండింది. ఆ కలిమితోనే బర్మా టేకు దూలాలూ, గానుగసున్నం గోడలూ లేచాయి. లోగిలి నడుమ కప్పులేని పల్లపు జాగాయే మండువా. నాలుగు వైపుల పెంకుల వాలూ అందులోకే. వాననీరంతా అక్కడ పడి, మూలనున్న ఒకే ఒక్క తూములోంచి వీధికాలవకి పోయేది. ఇంటికి గాలీ వెలుతురూ అక్కణ్ణించే. అప్పడాలు ఎండినా, పెళ్లిపీటలు వేసినా అక్కడే.

తాతయ్య పోయాక మామయ్యలిద్దరూ ఇల్లు పంచుకున్నారు. గదులు సమానంగా వచ్చాయి. స్తంభాలు చెరి నాలుగు. మరి మండువా? నడిమధ్యన గోడ పెట్టేశారు. తూము చిన్నమామయ్య వైపు పడింది.

తొలివానకే పెద్దమామయ్య చావడిలోకి నీళ్లెక్కాయి. "మీ నీళ్లు మా వాటాలోకెందుకు రావాలి?" అంది చిన్నత్తయ్య. పెద్దత్తయ్య తడిసిన బియ్యం బస్తా చూపించి శాపనార్థాలు మొదలెట్టింది. అమ్మమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. గునపం తెచ్చి గోడ అడుగున కన్నం పొడిచింది.

"గోడ మీకురా, నీళ్లకి కాదు" అంది.

తర్వాత ఆ కన్నం మా పిల్లల బంతులకి దారైంది. అందులో చెత్త అడ్డుపడినప్పుడల్లా అత్తయ్యలిద్దరూ చెరోవైపునా కూర్చుని పుల్లలతో తీస్తూ మళ్లీ మాటలు కలుపుకున్నారు.

ఇంగ్లండులో చారిత్రక భవంతులను ఫ్లాట్లుగా మార్చాలంటే ముందు అనుమతి కావాలట. ఊరికే గోడ కూల్చడానికి వీల్లేదట. మా లోగిలికి అంత భాగ్యమేదీ? బిల్డరుకి సగం, మామయ్యలకి సగం అనుకున్నారు, నెలలో నేలమట్టమైంది. వాళ్ల వాటాలోంచే ఈ ఫ్లాటు నేను కొనుక్కున్నాను.

దస్తావేజు బీరువాలో పెట్టి కిందికి దిగాను. నీళ్లు నిలిచిన మూల ఏదో అప్పుడు గమనించాను. వెనకటి తూము ఉన్న మూలే!

మర్నాడు ఎవరూ అడక్కుండానే నా వంతు డబ్బు కట్టేశాను. నా నలభై గజాలు ఎక్కడున్నాయో ఇప్పుడు నాకు తెలుసు.